దేశమంతా ఒకే కారు పన్ను అంటే కొందరు నాయకులు ఎందుకు ఒప్పుకోరు?

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి వైపు వెళ్తూ నంబర్ ప్లేట్లు గమనిస్తే మూడు నాలుగు రాష్ట్రాల బండ్లు కనిపిస్తాయి. ఏపీ బండి పక్కన టీఎన్, దాని వెనక కేఏ, అప్పుడప్పుడూ పుదుచ్చేరి పీవై. ఇవన్నీ యాత్రికులవే అనుకుంటే పొరపాటు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పలమనేరులో ఇల్లున్నవాళ్లవి, వేలూరులో కొన్నేళ్లుండి చిత్తూరుకు వచ్చేసినవాళ్లవి, కుప్పం నుంచి పనుల మీద తరచూ సరిహద్దు దాటేవాళ్లవి కూడా వీటిలో ఉంటాయి. అందరిదీ ఒకే మోడల్ కారు కావచ్చు, ఒకే ఏడాది కొని ఉండొచ్చు. ఏ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించారన్న దాన్ని బట్టి కట్టిన పన్నులో మాత్రం వేలల్లో తేడా ఉంటుంది. పెద్ద కారైతే లక్ష కూడా దాటుతుంది.

అందుకే 'దేశమంతా ఒకే రోడ్ ట్యాక్స్' అన్న మాట ఎప్పుడొచ్చినా మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో జనం ఆసక్తిగా వింటారు. ఆ వెనకే ఎవరో ఒక ముఖ్యమంత్రో, ఆర్థిక మంత్రో 'మేం ఒప్పుకోం' అంటారు. పన్ను తగ్గుతుందంటే వద్దనడం ఏమిటని మామూలు మనిషికి అయోమయంగా ఉంటుంది. ఆ 'వద్దు'లో మూడు వేర్వేరు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. పన్ను రేటు ఎంతుండాలన్నది ఒకటి. ఆ పన్ను వేసే హక్కు ఎవరిదన్నది ఇంకొకటి. రాష్ట్రం మారినప్పుడు బండి యజమాని పడే తిప్పలు మూడోది. వార్తల్లో ఎక్కువగా వినిపించేది రేటు గురించే. నాయకులు అసలు పోట్లాడేది హక్కు మీద. మన ఇంటి ముందు కారు ఆగి ఉన్నప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టేది మాత్రం మూడోది.

కొటేషన్ కాగితంలో ఎవరి వాటా ఎంత

షోరూమ్‌లో ఇచ్చే కొటేషన్ కాగితం చూడండి. పైన ఎక్స్-షోరూమ్ ధర ఉంటుంది. దాని కింద లైఫ్ ట్యాక్స్ (రోడ్ ట్యాక్స్‌నే బండి జీవితకాలానికి ఒకేసారి కట్టేది), ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్ ఖర్చు వరసగా రాసి, చివర ఆన్‌రోడ్ ధర వేస్తారు. ఈ కాగితంలో పన్ను అని పైకి కనిపించేది లైఫ్ ట్యాక్స్ ఒక్కటే. కానీ పైనున్న ఎక్స్-షోరూమ్ ధరలోనే జీఎస్టీ కలిసిపోయి ఉంటుంది.

ఒక చిన్న పెట్రోల్ కారు లెక్క వేద్దాం. పన్నులు లేకుండా దాని ధర 6,00,000 రూపాయలు అనుకుందాం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న ఇలాంటి కారు మీద 2025 సెప్టెంబర్ 21 వరకు 28 శాతం జీఎస్టీ, దాని పైన 1 శాతం సెస్ (అదనపు సుంకం) ఉండేవి. ఎక్స్-షోరూమ్ ధర 7,74,000 అయ్యేది. సెప్టెంబర్ 22 నుంచి సెస్ తీసేసి జీఎస్టీని 18 శాతం చేశారు. ఇప్పుడు అదే కారు 7,08,000.

దీని మీద రాష్ట్రం 14 శాతం లైఫ్ ట్యాక్స్ వేస్తుందనుకుందాం. లెక్క కోసం తీసుకున్న రేటు ఇది. కారు ధర శ్లాబును బట్టి అసలు రేటు మారుతుంది. పాత ధర మీద లైఫ్ ట్యాక్స్ 1,08,360 రూపాయలు, కొత్త ధర మీద 99,120. జీఎస్టీ కలిపిన ధర మీద లైఫ్ ట్యాక్స్ వేస్తారు కాబట్టి ఇది పన్ను మీద పన్ను. కొనేవాడికి మొత్తం 75,240 రూపాయలు మిగిలింది. సంతోషమే.

ఇదే లెక్కను రాష్ట్ర ఖజానా వైపు నుంచి వేస్తే కథ మారుతుంది. జీఎస్టీలో సగం రాష్ట్రానిది. ఆ సగం 84,000 నుంచి 54,000కు పడింది. లైఫ్ ట్యాక్స్ ఇంకో 9,240 తగ్గింది. అంటే ఒక్కో కారుకు 39,240 రూపాయలు పోయాయి. దీనికి తోడు కేంద్రానికి వచ్చే జీఎస్టీ తగ్గితే అందులోంచి రాష్ట్రాలకు పంచే వాటా కూడా తగ్గుతుంది. ధర తగ్గింది కాబట్టి కార్లు ఎక్కువ అమ్ముడై కొంత వెనక్కి రావచ్చు. లైఫ్ ట్యాక్స్ రేటును రాష్ట్రం ముట్టుకోకపోయినా, ఆ పన్ను మీద వచ్చే రాబడి తగ్గిపోయిందన్నది ఇక్కడ చూడాల్సిన విషయం. జీఎస్టీ రేట్లు నిర్ణయించే జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రంతో పాటు రాష్ట్రాలూ కూర్చున్నాయి, ఒప్పుకున్నాయి. అయినా ఒకచోట తీసుకున్న నిర్ణయం ఇంకోచోట పన్నును ఎలా తాకుతుందో ఈ లెక్కలో తెలుస్తుంది.

కారు కొన్నాక కట్టేవి వేరే ఉన్నాయి. పెట్రోలు, డీజిల్ మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. జాతీయ రహదారి ఎక్కితే టోల్ కట్టాలి. పెట్రోలు ధర తేడా మన సరిహద్దుల్లో అందరికీ తెలిసిందే. నగరి వాళ్లు తిరుత్తణి వైపు, పలమనేరు వాళ్లు ముళబాగల్ వైపు వెళ్లినప్పుడు ట్యాంకు అక్కడే నింపించుకుని వస్తారు.

రాజ్యాంగం ఈ పన్నును ఎవరికి అప్పగించింది

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో అధికారాలను మూడు జాబితాలుగా పంచారు. రాష్ట్రాల జాబితాలో 57వ అంశం వాహనాల మీద పన్ను. రోడ్డు మీద తిరగగలిగే ఏ వాహనం మీదైనా, ఇంజిన్ ఉన్నా లేకపోయినా, పన్ను వేసే అధికారం రాష్ట్రానిది. ఆ అధికారంతోనే మన దగ్గర 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం నడుస్తోంది.

అయితే ఆ 57వ అంశంలోనే ఒక మెలిక ఉంది. ఉమ్మడి జాబితాలోని 35వ అంశానికి లోబడి అని అందులో రాశారు. మోటారు వాహనాల మీద పన్నులు ఏ సూత్రాల ప్రకారం వేయాలో చెప్పే అధికారం ఆ 35వ అంశంలో ఉంది. ఉమ్మడి జాబితా కాబట్టి పార్లమెంటు కూడా దాని మీద చట్టం చేయవచ్చు. పన్ను రాష్ట్రానిది, పన్నుకు సూత్రాలు చెప్పే వీలు ఢిల్లీకి కూడా ఉంది. ఇప్పటి వాదనకు మూలం ఈ సన్నని గీతే. దేశమంతా ఒకే విధానం కావాలనేవాళ్లు 35ను చూపిస్తారు, రాష్ట్రాల హక్కు అనేవాళ్లు 57ను చూపిస్తారు. సూత్రం ఎక్కడ ముగుస్తుంది, రేటు ఎక్కడ మొదలవుతుంది అన్నదాని మీద ఇద్దరికీ పేచీ.

2016లో రాజ్యాంగానికి 101వ సవరణ చేసి జీఎస్టీకి దారి వేసినప్పుడు రాష్ట్రాలు చాలా పన్నులు వదులుకున్నాయి. అమ్మకపు పన్ను చాలావరకు పోయింది. సరుకు ఊళ్లోకి రాగానే వేసే ప్రవేశ పన్ను అంశాన్ని జాబితాలోంచే తీసేశారు. రాష్ట్రాలు తమంతట తాము రేటు నిర్ణయించుకోగలిగిన పెద్ద రాబడులు కొన్నే మిగిలాయి: పెట్రోలు, డీజిల్ మీద వ్యాట్, మద్యం, స్టాంపులు-రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. ఈ నేపథ్యం తెలిస్తే కారు పన్ను పేరెత్తగానే రాష్ట్రాల మంత్రులు ఎందుకు అంత గట్టిగా మాట్లాడతారో అర్థమవుతుంది.

2018 ప్రతిపాదన, దాని లెక్కలు

2018 ఏప్రిల్‌లో రాష్ట్రాల రవాణా మంత్రుల బృందం ఒకటి దేశమంతా ఒకే రోడ్ ట్యాక్స్ ఉండాలని సిఫారసు చేసింది. అప్పటి రాజస్థాన్ రవాణా మంత్రి యూనుస్ ఖాన్ దానికి నాయకత్వం వహించారు. పది లక్షల లోపు కారుకు 8 శాతం, పది నుంచి ఇరవై లక్షల వరకు 10 శాతం, ఆ పైన 12 శాతం. డీజిల్ బండికి ఇంకో 2 శాతం ఎక్కువ, ఎలక్ట్రిక్ బండికి 2 శాతం తక్కువ. తక్కువ పన్ను ఉన్న రాష్ట్రంలో కారు కొని, ఎక్కువ పన్ను ఉన్న రాష్ట్రంలో తిప్పుకునే అలవాటును ఆపడం దాని ఉద్దేశం.

అప్పటి రేట్లతో పోల్చి చూద్దాం. ఎనిమిది లక్షల పెట్రోల్ కారుకు కర్ణాటకలో 14 శాతం, అంటే 1,12,000. సర్‌చార్జి దీనికి అదనం. ఒకే రేటు వస్తే అది 64,000 అవుతుంది. పదిహేను లక్షల కారుకు కర్ణాటక 17 శాతం కింద 2,55,000 వసూలు చేసేది, కొత్త లెక్కలో 1,50,000. అదే ఢిల్లీలో ఎనిమిది లక్షల పెట్రోల్ కారుకు 7 శాతం, అంటే 56,000. ఒకే రేటు వస్తే ఢిల్లీవాడు ఎనిమిది వేలు ఎక్కువ కట్టాలి.

దీన్నిబట్టి ఒకే పన్ను అంటే అందరికీ తగ్గే పన్ను కాదు. దక్షిణాది కొనుగోలుదారుకు తగ్గుతుంది, ఢిల్లీ కొనుగోలుదారుకు పెరుగుతుంది. దక్షిణాది ఖజానాకు పెద్ద గండి పడుతుంది. ఆ సిఫారసు చట్టం కాలేదు.

కానీ ఆ శాతాలు పూర్తిగా మూలన పడలేదు. 2021 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చిన బీహెచ్ (భారత్) సిరీస్ నంబర్లకు కేంద్రం అవే 8, 10, 12 శాతాల శ్లాబులు పెట్టింది. డీజిల్‌కు 2 ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు 2 తక్కువ అన్నది కూడా అలాగే ఉంచింది. ఈ పన్నును జీవితకాలానికి ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కట్టొచ్చు, రాష్ట్రం మారినప్పుడు నంబర్ మార్చక్కర్లేదు. సైనికులు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు దీనికి అర్హులు. చిత్తూరులో మామిడి మండీ నడుపుతూ కృష్ణగిరిలో ఇంకో వ్యాపారం ఉన్నవాడికి ఇది దొరకదు.

'వద్దు' అనేవాళ్లు చెప్పే కారణాలు

వ్యతిరేకత అంతా రాజకీయమే అని కొట్టిపారేయడం తేలిక. వాళ్ల వాదనలో గట్టి అంశాలు ఉన్నాయి.

మొదటిది ఓటు బలం. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటుకు మూడో వంతు బరువు. మిగతా రెండు వంతులను రాష్ట్రాలన్నీ సమానంగా పంచుకుంటాయి. శాసనసభలున్న మూడు కేంద్రపాలిత ప్రాంతాలను కలిపితే 31. అందరూ హాజరైతే ఒక్కో రాష్ట్రానికి 2 శాతానికి కాస్త ఎక్కువ బరువు వస్తుంది. తీర్మానం గెలవాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. కాబట్టి కేంద్రం ఒక్కటే వద్దంటే ఏదీ సాగదు; ఒక్క రాష్ట్రం వద్దంటే ఏమీ ఆగదు. తమిళనాడు ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు పళనివేల్ త్యాగరాజన్ 2021లో లేవనెత్తిన అభ్యంతరాల్లో ఇదొకటి: పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ ఒకే ఓటు ఏం న్యాయమని ఆయన ప్రశ్న. ఇప్పుడు కారు పన్ను రేటును రాష్ట్రం శాసనసభలో నిర్ణయించుకుంటోంది. ఆ అధికారం అలాంటి కౌన్సిల్‌కు వెళ్తే రాష్ట్రం చేతిలో మిగిలేది ఆ రెండు శాతమే.

రెండోది సెస్‌ల గొడవ. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది కానీ సెస్‌లు, సర్‌చార్జీల్లో ఉండదు. పెట్రోలు, డీజిల్ మీద కేంద్రం తీసుకునేదాంట్లో రోడ్లు, మౌలిక వసతుల సెస్ ఒకటి. దానిలోంచి రాష్ట్రాల రోడ్లకు కొన్ని నిధులు వస్తాయి, అయితే ఎంత, ఎలా అన్నది కేంద్రం చేతిలో ఉంటుంది. 2021 సెప్టెంబర్ 17న లక్నోలో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో పెట్రోలును జీఎస్టీలోకి తేవాలా అన్న చర్చ వచ్చింది. కేరళ హైకోర్టు అడిగినందున అది అజెండాలోకి వచ్చింది. ఇది సమయం కాదని కౌన్సిల్ తేల్చేసింది. ఏ పార్టీ పాలనలో ఉన్నా రాష్ట్రాలు ఈ రాబడిని వదులుకోవడానికి ఇష్టపడలేదు.

మూడోది అనుభవం. జీఎస్టీ వచ్చినప్పుడు రాష్ట్రాల రాబడి ఏటా 14 శాతం పెరుగుతుందన్న లెక్కతో, తగ్గినంత మేర ఐదేళ్లు పరిహారం ఇస్తామని చట్టం చేశారు. కోవిడ్ వచ్చింది, పరిహారం నిధిలో డబ్బు సరిపోలేదు. 2020-21లో 1.1 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకు సర్దారు. 2022 జూన్ 30తో పరిహారం గడువు ముగిసింది. ఆ రోజులు చూసిన ఆర్థిక శాఖ అధికారులు 'నష్టం భర్తీ చేస్తాం' అన్న హామీని నమ్మాలంటే ఆలోచిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

కూర్చున్న చోటును బట్టి మాట మారడం కూడా ఉంది. జీఎస్టీని గుజరాత్ ప్రభుత్వం ఏళ్లపాటు వ్యతిరేకించింది, రాష్ట్ర రాబడి పోతుందన్నది కారణం. అప్పుడు అక్కడ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ. 2017 జూలై 1న అదే జీఎస్టీ ఆయన ప్రధానిగా ఉండగా అమల్లోకి వచ్చింది. మధ్యలో పరిహారం హామీ చేరింది కాబట్టి అభ్యంతరం తీరిందని ఆయన వైపువాళ్లు అంటారు. ఏ వివరణ తీసుకున్నా ఒకటి తెలుస్తుంది: రాష్ట్రం పగ్గాలు పట్టుకున్నవాళ్లకు ఈ భయం పార్టీతో పని లేకుండా వస్తుంది.

'కావాలి' అనేవాళ్లు చెప్పేవి

ఇటు వాదన కూడా తక్కువదేమీ కాదు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి దేశమంతా చెల్లుతుందని మోటారు వాహనాల చట్టం 46వ సెక్షనే చెబుతోంది. బండి చెల్లుతుంది గానీ పన్ను చెల్లదు అంటే పౌరుడికి ఏం అర్థమవుతుంది? రాష్ట్రాలు రేటు తగ్గించి పక్క రాష్ట్రం కొనుగోలుదారులను లాక్కోవడం వల్ల నష్టపోయేది నిజాయితీగా తమ ఊళ్లో రిజిస్టర్ చేయించుకున్నవాళ్లే. ఖరీదైన కార్లు పుదుచ్చేరి చిరునామాతో రిజిస్టరై ఇంకెక్కడో తిరగడం దక్షిణాదిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న సమస్య. చిన్న కారు కొన్న టీచరమ్మ పూర్తి పన్ను కట్టి, కోటి రూపాయల కారు ఉన్నాయన పక్కదారిలో తప్పించుకుంటే దాన్ని సమర్థించడం ఎవరికైనా కష్టం.

బస్సుల విషయంలో ఇది ఇంకా ముదిరింది. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం బయటి రాష్ట్రాల్లో రిజిస్టరై తమ రాష్ట్రం లోపలే ప్రయాణికులను తిప్పుతున్న ఆమ్నీ బస్సులను (ప్రైవేటు దూరప్రయాణ బస్సులను) అడ్డుకుంది. వాటిలో నాగాలాండ్ నంబర్లవి కూడా ఉన్నాయి. నాగాలాండ్ రోడ్డు ఎన్నడూ తొక్కని బస్సుకు ఆ నంబర్ ఎందుకంటే జవాబు పన్నులోనే ఉంది.

జర్మనీలో మెర్కెల్ 'వద్దు' ఏమైంది

జాతీయ కారు పన్నును ఒక పెద్ద నాయకురాలు బహిరంగంగా వద్దని, తర్వాత అదే ఆమె ప్రభుత్వం చట్టం చేసి, చివరికి కోర్టులో ఓడిన ఉదంతం జర్మనీలో ఉంది. మన సరిహద్దు జిల్లాలకు బాగా దగ్గరైన కథ ఇది.

జర్మనీ దక్షిణాన బవేరియా రాష్ట్రం, దాని పక్కనే ఆస్ట్రియా దేశం. బవేరియావాళ్లు ఆస్ట్రియా హైవే ఎక్కాలంటే స్టిక్కర్ కొనాలి. ఆస్ట్రియావాళ్లు జర్మనీ హైవేల మీద ఊరికే తిరగొచ్చు. మేం కడుతున్నాం, వాళ్లు కట్టడం లేదన్న కోపం బవేరియాలో ఉంది. అక్కడి సీఎస్‌యూ పార్టీ నాయకుడు హోర్స్ట్ జేహోఫర్ 2013 ఎన్నికల్లో విదేశీ కార్లకు టోల్ అన్న డిమాండ్ ఎత్తుకున్నారు. ఆ పార్టీ మిత్రపక్షమైన సీడీయూ నాయకురాలు, ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ 2013 సెప్టెంబర్ 1న టీవీ చర్చలో తన హయాంలో కార్లకు టోల్ ఉండబోదని తేల్చి చెప్పారు.

ఎన్నికల తర్వాత సంకీర్ణ ఒప్పందంలో ఆ టోల్ వచ్చి చేరింది. 2015లో చట్టమైంది. అందులో కిటుకు ఏమిటంటే, కార్లన్నీ టోల్ కట్టాలి, ఏడాదికి గరిష్ఠంగా 130 యూరోలు. కానీ జర్మన్లు అంతకుముందు కడుతున్న వాహన పన్నులో దానికి సరిపడా తగ్గింపు ఇస్తారు. కాగితం మీద పన్ను అందరిదీ, భారం బయటివాళ్లది. ఐరోపా కమిషన్ అభ్యంతరం చెప్పింది, 2017లో చట్టం సవరించారు, అయినా ఆస్ట్రియా కోర్టుకెళ్లింది. 2019 జూన్ 18న ఐరోపా న్యాయస్థానం ఇది విదేశీయుల పట్ల వివక్ష అని కొట్టేసింది. తీర్పు రాకముందే, 2018 చివర్లోనే, రవాణా మంత్రి ఆండ్రియాస్ షోయర్ వసూలు కాంట్రాక్టులు ఇచ్చేశారు. ఆ కాంట్రాక్టులు రద్దు చేసినందుకు 2023లో జర్మనీ ప్రభుత్వం 24.3 కోట్ల యూరోలు పరిహారం కట్టింది. మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. ఒక్క కారు దగ్గర కూడా టోల్ వసూలు కాలేదు.

మెర్కెల్ మొదట చెప్పిన 'వద్దు' పన్ను ఎక్కువా తక్కువా అన్న లెక్కలో సరైనదా కాదా అన్నది వేరే చర్చ. చట్టం పడిపోయింది మాత్రం రేటు వల్ల కాదు. ఇంటివాడికి ఒక లెక్క, పొరుగువాడికి ఒక లెక్క పెట్టినందువల్ల.

బయటి బండ్ల మీద మనం పన్ను వేయవచ్చా

'తిరుమలకు ఇన్ని వేల బయటి బండ్లు వస్తున్నాయి, మన రోడ్లు అరుగుతున్నాయి, వాళ్ల దగ్గర కూడా ఏదైనా తీసుకోవచ్చు కదా' అన్న మాట తిరుపతిలో తరచూ వింటాం. బవేరియావాళ్ల కోపం లాంటిదే ఇది, అర్థం చేసుకోదగ్గదే. మన రాజ్యాంగంలోనూ దీనికి హద్దులు ఉన్నాయి. 301వ అధికరణం దేశమంతటా వ్యాపారం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలంటుంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన సరుకు మీద, సొంత రాష్ట్రంలో తయారైన అలాంటి సరుకు కంటే ఎక్కువ పన్ను వేయకూడదని 304వ అధికరణం చెబుతుంది.

దీని మీద మొదటి పెద్ద తీర్పుల్లో ఒకటి బస్సుల కేసులోనే వచ్చింది. అజ్మీర్ విడి రాష్ట్రంగా ఉన్న రోజుల్లో అక్కడి బస్సులు కొన్ని మధ్యలో రాజస్థాన్ భూభాగం మీదుగా వెళ్లేవి. రాజస్థాన్ వాటికి వాహన పన్ను అడిగింది. యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రోడ్డు సదుపాయానికి బదులుగా తీసుకునే పన్ను స్వేచ్ఛకు అడ్డు కాదని 1962లో కోర్టు చెప్పింది. అప్పటినుంచి వాహన పన్ను అంటే రోడ్డు కోసం కట్టే పన్ను అన్న భావన స్థిరపడింది. 2016 నవంబర్‌లో జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 7-2 తేడాతో ఆ సిద్ధాంతాన్ని పక్కన పెట్టింది. పన్ను దేనికి బదులుగా తీసుకున్నారన్న లెక్క చూపక్కర్లేదు, వివక్ష మాత్రం ఉండకూడదు అంది. రాష్ట్రాల పన్ను హక్కు ఈ తీర్పుతో బలపడింది. అదే తీర్పు ప్రకారం పొరుగువాడిని వేరుగా చూసే పన్ను నిలవడం కష్టం.

అలిపిరి టోల్‌గేటు దగ్గర కట్టేది దీని కిందికి రాదు. అది ఘాట్ రోడ్డు వాడుకున్నందుకు టీటీడీ తీసుకునే రుసుము. ఏపీ బండి అయినా టీఎన్ బండి అయినా ఒకే రేటు. జాతీయ రహదారి టోల్ కూడా అంతే. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ పాస్, ఏడాది లేదా 200 ట్రిప్పులు ఏది ముందైతే అది, ఏ రాష్ట్రం ప్రైవేటు కారుకైనా ఒక్కటే. రుసుములో జాతీయ ఏకరూపత ఇప్పటికే వచ్చింది, పెద్దగా ఎవరూ వ్యతిరేకించలేదు. అందులో రాష్ట్రం వదులుకున్నది లేదు కాబట్టి.

పలమనేరుకు తిరిగొచ్చిన కేఏ బండి

ఇక మూడో తగాదా, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. బెంగళూరులో ఎనిమిది లక్షల కారు కొని, 14 శాతం కింద 1,12,000 లైఫ్ ట్యాక్స్ కట్టిన ఒకతను ఐదేళ్లకు పలమనేరు వచ్చేశాడనుకుందాం. అమ్మానాన్నలకు వయసైంది, ఇక్కడే ఉండిపోతాడు. 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలకు మించి బండి వేరే రాష్ట్రంలో ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. దానికి ముందు బెంగళూరులో రిజిస్టర్ చేసిన ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు కాగితం కూడా కావాలి. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి నంబర్ వేయించుకోవాలి. ఆ తర్వాత కర్ణాటకలో మిగిలిన ఏళ్ల పన్ను వాపసుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

పదిహేనేళ్ల పన్ను ఏటా సమానంగా అరిగిందని అనుకుంటే, మిగిలిన పదేళ్లకు అతని డబ్బు 74,667 రూపాయలు అక్కడ ఉంది. రాష్ట్రాల వాపసు పట్టికలు వేరుగా ఉంటాయి, కాబట్టి చేతికి వచ్చేది ఇంతే కాకపోవచ్చు. ముందు ఇక్కడ జేబులోంచి కట్టాలి, తర్వాత అక్కడి డబ్బు కోసం తిరగాలి. ఈ టెన్షన్‌కు భయపడే చాలామంది నంబర్ మార్చకుండా ఏళ్ల తరబడి తిప్పుతారు. చెకింగ్‌లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపినప్పుడు వణుకుతారు. పన్ను ఎగ్గొట్టాలన్న ఉద్దేశం వాళ్లలో చాలామందికి ఉండదు. ఒకసారి నిండుగా కట్టినవాళ్లే వాళ్లు.

ఈ తిప్పలు తీరడానికి దేశమంతా ఒకే రేటు ఉండాల్సిన పని లేదు. జీఎస్టీలో ఇలాంటి సర్దుబాటు ఇప్పటికే నడుస్తోంది. చెన్నైలో కొన్న సరుకు చిత్తూరులో అమ్ముడైతే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీ) కింద పన్నులో రాష్ట్ర వాటా కేంద్రం లెక్కల ద్వారా ఆంధ్రప్రదేశ్‌కు చేరుతుంది. దాని కోసం చిత్తూరు వ్యాపారి తమిళనాడు ఆఫీసుల చుట్టూ తిరగడు. బండ్ల వివరాలకు వాహన్ అనే జాతీయ డేటాబేస్ ఉంది. పలమనేరు యజమాని చిరునామా మార్చగానే కర్ణాటక దగ్గర మిగిలిన ఆ 74,667 నేరుగా ఆంధ్రప్రదేశ్ ఖాతాకు మళ్లితే, ఇక్కడి పన్ను అంతకంటే ఎక్కువైతే తేడా మాత్రం అతను కట్టుకుంటే, తక్కువైతే మిగిలింది అతని బ్యాంకు ఖాతాలో పడితే సరిపోతుంది. కర్ణాటక తన 14 శాతం తను ఉంచుకోవచ్చు, మనది మనం ఉంచుకోవచ్చు. వాహన పన్నుకు సూత్రాలు చెప్పే 35వ అంశం కింద పార్లమెంటు చేయగలిగిన పని ఇది. రేటును తాకదు కాబట్టి 57వ అంశం పట్టుకుని వద్దనేవాళ్లకు అభ్యంతరం చెప్పే కారణం కూడా పెద్దగా ఉండదు.